టార్చిలైటు ఎవరి చేతిలో?

డిటెక్టివ్ కావడానికి తెలివితేటలు చాలంటారు. భూతద్దం, నోటుపుస్తకం, టార్చిలైటు కూడా ఉంటే ఇంకా మంచిదంటారు. మేం ఒప్పుకోం. వీటన్నిటికంటే ముందు కావాల్సింది ఒకటుంది. తనని ఎవరూ అనుమానించకపోవడం. రాత్రి పదకొండింటికి పరాయివాళ్ళ ప్రహరీ దూకిన పిల్లాణ్ణి చూసి 'దొంగ దొంగ' అని అరవకుండా 'ఏదో వెతుక్కుంటున్నాడులే' అని సరిపెట్టుకునే లోకం వాడి చుట్టూ ఉండాలి. అట్లాంటి లోకం ఉన్న పిల్లల మీద ఇంగ్లీషులో దాదాపు వందేళ్ళుగా డిటెక్టివ్ కథలు వస్తూనే ఉన్నాయి. ఆ లోకం లేని పిల్లలు ఆ కథల్లో ఎక్కడున్నారు? ఏ వేషంలో ఉన్నారు? మేం అడుగుతున్నది అదీ.

ఆ పుస్తకాల మీద మాకు కోపం లేదు. ప్రేమగానే చదివాం. ఆదివారం పూట ఆబిడ్స్‌లో దుకాణాల షట్టర్లు దించి ఉంటే వాటి ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు. నాన్సీ డ్రూ, హార్డీ బాయ్స్, ఎనిడ్ బ్లైటన్ అన్నీ మాకు అక్కడే దొరికాయి. అట్టలు ఊడినవి, మొదటి పేజీలో ఎవరో అమ్మాయి గుండ్రటి అక్షరాలతో పేరూ తరగతీ రాసుకున్నవి. ఇంట్లో పెద్దవాళ్ళ దిండు కింద ఉర్దూలో ఇబ్నె సఫీ ఉండేవాడు. 'జాసూసీ దునియా' 1952లో మొదలైంది, ఇమ్రాన్ సిరీస్ 1955లో. అందులో కల్నల్ ఫరీదీ, కెప్టెన్ హమీద్, అలీ ఇమ్రాన్ దర్జాగా తిరుగుతారు. ముసల్మాన్ అయివుండి నేరస్తుల్ని ఎట్లా పట్టుకుంటున్నావని వాళ్ళనెవరూ అడగరు. ఆ ఊసే రాదు. ఆ ఊసు రాకపోవడం ఎంత హాయో మాకు తర్వాతెప్పుడో తెలిసింది. అయితే వాళ్ళు మీసాలొచ్చిన మగాళ్ళు. తెలుగులో కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్ కూడా పెద్దమనిషే. మా ఈడు పిల్లలు కేసులు పట్టే కథ కావాలంటే మేం ఇంగ్లీషు గడపే తొక్కాం.

ఆ గడప దగ్గర మొదట కనిపించేది నాన్సీ డ్రూ. 1930లో 'ది సీక్రెట్ ఆఫ్ ది ఓల్డ్ క్లాక్'తో వచ్చింది. ఎడ్వర్డ్ స్ట్రాటమేయర్ అనే ఆయన కథల కంపెనీ నడిపేవాడు. ఆలోచన ఆయనది, రాసింది మిల్‌డ్రెడ్ వర్ట్ అనే అమ్మాయి, అట్ట మీద పేరు మాత్రం కరోలిన్ కీన్. అంటే నేరస్తుల అసలు పేర్లు బయటపెట్టే పుస్తకాలకి రచయిత్రి పేరే మారుపేరు! అది అట్లా ఉంచితే, నాన్సీకి పదహారేళ్ళు. తండ్రి పేరున్న లాయరు. సొంత కారు, అదీ నీలిరంగుది. ఇంటిపనికి హన్నా. రివర్ హైట్స్ ఊళ్ళో ఏ తలుపు తట్టినా 'లోపలికి రా తల్లీ' అంటారు. వీలునామా ఆచూకీ రాసిపెట్టిన నోటుపుస్తకం ఒక పాత గడియారంలో దాచి ఉంటుంది. ఆ గడియారాన్ని తెచ్చుకోడానికి నాన్సీ వేరేవాళ్ళ ఇంట్లోకి వెళ్తుంది, దొంగల వ్యానులోకి ఎక్కుతుంది, దొరికిందాన్ని వెంటనే పోలీసుల చేతిలో పెట్టదు. పుస్తకం మూసేటప్పటికి ఊరంతా ఆమెని మెచ్చుకుంటుంది. మేమూ మెచ్చుకున్నాం. ఆ తెగువ చూసి ఆడపిల్లలు ఎంతమంది ఊపిరి పీల్చుకున్నారో మాకు తెలుసు. ఆ తెగువ వెనక ఉన్న బలగాన్ని కూడా చూడమనే మేం అంటున్నాం.

ఆ పుస్తకంలోనే జెఫ్ టకర్ ఉన్నాడు. చెరువుగట్టు బంగళాకి కాపలాదారు. నల్లవాడు. దొంగలు ఇల్లు ఊడ్చుకుపోతుంటే తాగి ఎక్కడో ఉంటాడు. అతని నోట పెట్టిన ఇంగ్లీషు పాఠకుల్ని నవ్వించడానికి పెట్టిన యాస. దొంగలు నాన్సీని గూట్లో పెట్టి తాళం వేస్తే బయటికి తీసింది అతనే. అయినా కథ అతన్ని నవ్వులాటకే వాడుకుంది. 1959 నుంచి ప్రచురణకర్తలు ఈ పాత పుస్తకాలన్నీ తిరగరాయించారు. జాతుల్ని కించపరిచే రాతలున్నాయని విమర్శలొచ్చాయి మరి. నాన్సీ వయసు పద్దెనిమిదయింది. జెఫ్ టకర్ కూడా మారాడు. తాగుడు పోయింది, యాస పోయింది, నలుపూ పోయింది! అవమానం తీసెయ్యమంటే మనిషినే తీసేశారు. మాకిది కొత్తేం కాదు. 'మీవాళ్ళని చెడ్డగా రాస్తున్నార'ని మేం గొడవపెడితే మరుసటి కథలో చెడ్డ సాయిబూ ఉండడు, మంచి సాయిబూ ఉండడు, అసలు ఆ వీధిలో మసీదే ఉండదు. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు సంస్కారం.

ఇంకో మాట. ఈ కథల్లో పిల్లలు పోలీసుల్ని ఆటపట్టిస్తారు. 1927లో మొదలైన హార్డీ బాయ్స్‌ని తొలి రోజుల్లో రాసిన లెస్లీ మెక్‌ఫార్లేన్ ఊరి పోలీసుల్ని ఉత్త బఫూన్లుగా చిత్రించాడు. పోలీసుల్ని గౌరవంగా చూపమని తర్వాత కంపెనీ నుంచి ఆదేశం వచ్చింది. ఎనిడ్ బ్లైటన్ 1943లో మొదలుపెట్టిన 'ఫైవ్ ఫైండ్-ఔటర్స్' కథల్లోనైతే గూన్ అనే పోలీసుని ఏడిపించడమే సగం వినోదం. ఫ్యాటీ అనే కుర్రాడు రకరకాల మారువేషాలు వేసి, దొంగ ఆధారాలు పారేసి, కేసును తప్పుదారి పట్టించి మరీ నవ్వుకుంటాడు. దానికి శిక్ష? మహా అయితే ఇన్‌స్పెక్టర్ జెంక్స్ కాస్త కోప్పడతాడు. తర్వాత భుజం తట్టేదీ ఆయనే.

ఆ వరసలో 1951లో వచ్చిన 'ది మిస్టరీ ఆఫ్ ది వానిష్డ్ ప్రిన్స్' ఉంది. టెటరువా అనే లేని దేశపు యువరాజు మాయమవుతాడు. అంతకుముందే మన ఫ్యాటీ బృందం తలపాగాలు, రంగురంగుల అంగీలు తొడుక్కుని, నోటికొచ్చిన శబ్దాలని ఏదో పరదేశీ భాషలాగా పలుకుతూ ఊళ్ళో ఊరేగుతుంది. పాఠకుడు పకపకా నవ్వాలి. చిన్నప్పుడు మేమూ నవ్వాం. మాలాంటివాళ్ళ బట్టలు వాళ్ళ మారువేషాల పెట్టెలో ఉన్నాయి. ఆట అయిపోగానే వాళ్ళు వాటిని విప్పి మడతపెడతారు, ఇంటికెళ్ళి టీ తాగుతారు. ఒంటి మీద అవి తప్ప వేరే బట్టల్లేని పిల్లాడికి ఆ పుస్తకంలో చోటెక్కడ? మాయమైపోయే యువరాజుగా తప్ప?

హైదరాబాద్ పాతబస్తీలో రాత్రిపూట ఇళ్ళ ముందు అరుగుల మీద కూచుని కబుర్లు చెప్పుకోడం పాత అలవాటు. ఇరుకిళ్ళలో పిల్లలకి గాలి తగిలే చోటు చబుత్రాయే. 2010ల్లో పోలీసులు 'ఆపరేషన్ చబుత్రా' అని మొదలుపెట్టారు. అర్ధరాత్రి అరుగుల మీదా రోడ్ల మీదా కనిపించిన కుర్రాళ్ళని వ్యానెక్కించడం, తల్లిదండ్రుల్ని పిలిపించి కౌన్సెలింగ్ చేయడం. పిల్లలు చెడిపోకుండా కాపాడుతున్నామని వాళ్ళ వాదన. కొందరు తల్లులు నిజంగానే సంతోషించి ఉండొచ్చు, మేం కాదనం. కానీ ఫ్యాటీ టార్చిలైటు పట్టుకుని తిరిగే వేళా, మా కుర్రాడు అరుగు మీద కూచునే వేళా ఒకటే. అక్కడ టార్చి పిల్లాడి చేతిలో ఉంది. ఇక్కడ దాని వెలుగు పిల్లాడి మొహమ్మీద పడుతుంది.

ఇప్పుడు ఇంకో గడియారం సంగతి చెప్పాలి. ఇది కథలోది కాదు. 2015 సెప్టెంబర్ 14. అమెరికా, టెక్సస్ రాష్ట్రం, ఇర్వింగ్ ఊరు. అహ్మద్ మొహమ్మద్‌కి పద్నాలుగేళ్ళు. తల్లిదండ్రులు సూడాన్ నుంచి వలస వచ్చినవాళ్ళు. పెన్సిల్ డబ్బాలో తీగలూ అంకెల పలకా అమర్చి గడియారం చేసి, మెచ్చుకుంటారని బడికి పట్టుకెళ్ళాడు. బాంబులా ఉందన్నారు. చేతులకి బేడీలు వేసి తీసుకెళ్ళారు. బడి నుంచి సస్పెండ్ చేశారు. కేసు పెట్టలేదు, పెట్టడానికేం లేదు గనక. దేశాధ్యక్షుడు ఒబామా 'నీ గడియారం బాగుంది' అని వైట్‌హౌస్‌కి పిలిచాడు. వెళ్ళొచ్చాడు. కానీ ఆ కుటుంబం ఆ ఏడాదే ఖతార్‌కి తరలిపోయింది. తండ్రి వేసిన దావాలు కోర్టులో నిలబడలేదు. నాన్సీ పరాయివాళ్ళ గడియారం తెచ్చుకుంటే డిటెక్టివ్ అయింది. అహ్మద్ సొంత చేతులతో గడియారం చేసుకుంటే నిందితుడయ్యాడు.

సమీరా అహ్మద్ 2022లో రాసిన 'హాలో ఫైర్స్' ఈ సంఘటన నుంచే మొలిచింది. ఆమె బొంబాయిలో పుట్టి అమెరికాలో ఇలినాయ్ రాష్ట్రంలో పెరిగిన ముసల్మాన్ రచయిత్రి. షికాగో నగరం. పద్నాలుగేళ్ళ జవాద్ అలీ, ఇరాక్ నుంచి కాందిశీకులుగా వచ్చినవాళ్ళ కొడుకు. వేషం కోసం జెట్ ప్యాక్ బొమ్మ చేసుకుని బడికి తెస్తాడు. టీచరు బాంబనుకుంటుంది. అరెస్టు, విడుదల, ఆపైన 'బాంబు కుర్రాడు' అన్న పేరు. ఆ పేరు వదలదు. కొన్నాళ్ళకి మాయమవుతాడు. ఆ పిల్లాణ్ణి వెతికేది సఫియా మీర్జా. డబ్బున్నవాళ్ళ బడిలో స్కాలర్‌షిప్ మీద చదువుతూ బడి పత్రిక నడిపే అమ్మాయి. పోలీసులకి తొందర లేదు, పెద్ద పత్రికలకి ఆసక్తి లేదు. శవం సఫియాకే దొరుకుతుంది.

ఇది మంచి పుస్తకం. లోపాల్లేనిదని కాదు. దోషులెవరో సగం దారిలోనే పాఠకుడు పసిగట్టేస్తాడు. మధ్యమధ్య రచయిత్రి పాత్రల్ని పక్కకి నెట్టి తనే మాట్లాడుతుంది. కానీ రెండు పనులు ఆమె చాలా బాగా చేసింది. ఒకటి, చచ్చిపోయిన జవాద్ చేత మాట్లాడించడం. డిటెక్టివ్ కథల్లో శవం అంటే ఆధారాల మూట. ఇక్కడ శవానికి అమ్మ ఉంది, ఇష్టమైన బొమ్మలున్నాయి, చీకటంటే భయం ఉంది. రెండు, వార్తల ముక్కలు, రేడియో మాటలు, సోషల్ మీడియా రాతలు కథ మధ్యలో అతికించడం. అబద్ధం ఒక నోట పుట్టి నిజంగా ఎట్లా నిలబడుతుందో కళ్ళకి కడుతుంది. సఫియా వెతుకులాట హంతకుడి కోసం మాత్రమే కాదు. ఆ కుర్రాడికి తగిలించిన పేరు ఊడబెరకడం కోసం. నాన్సీ డ్రూకి ఎన్నడూ రాని కేసు ఇది.

ఇది చదువుతుంటే మాకు హైదరాబాద్ గుర్తు రాకుండా ఉంటుందా? 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలింది. చచ్చిపోయింది నమాజుకొచ్చినవాళ్ళు. తర్వాత పోలీసులు పట్టుకుపోయిందీ మా కుర్రాళ్ళనే. కోర్టులు నిర్దోషులన్నాయి. 2012లో అప్పటి ప్రభుత్వం నష్టపరిహారంతో పాటు మంచివాళ్ళేనని సర్టిఫికెట్లు కూడా ఇచ్చింది. ఆ కాగితాన్ని కుర్రాళ్ళు ఎవరికి చూపించాలి? ఇల్లు అద్దెకివ్వని యజమానికా, పిల్లనివ్వని మామకా? 2018 ఏప్రిల్‌లో ఎన్‌ఐఏ కోర్టు ఆ కేసులో విచారించిన ఐదుగురినీ వదిలేసింది. మరి బాంబు పెట్టిందెవరు? ఆ కథలో చివరి అధ్యాయం చింపేసి ఉంది.

అనుమానితుడి ఇంటి గుమ్మం దాకా వచ్చిన ఇంకో పుస్తకం 2019లో హాలీ జాక్సన్ రాసిన 'ఎ గుడ్ గర్ల్స్ గైడ్ టు మర్డర్'. చాలా అమ్ముడుపోయింది, 2024లో బీబీసీ సీరియల్‌గా కూడా తీసింది. ఇంగ్లాండులో చిన్న ఊరు. ఐదేళ్ళ కిందట ఆండీ బెల్ అనే అమ్మాయి మాయమైంది. చంపింది ఆమె ప్రియుడు సాల్ సింగే, చంపి తనూ ఆత్మహత్య చేసుకున్నాడని ఊరు ఊరంతా నమ్మింది. సాల్ భారత సంతతి కుర్రాడు. అతని ఇంటిని ఊరు వెలేసినంత పని చేసింది. పదిహేడేళ్ళ పిప్ బడి ప్రాజెక్టు పేరుతో ఈ కేసు తిరగదోడుతుంది. సాల్ తమ్ముడు రవి ఆమెకి తోడొస్తాడు. కథ నడక అద్భుతం, మేం రాత్రంతా కూచుని చదివాం. కానీ ఒకటి చూడండి. అన్న నిర్దోషి అని రవికి మొదట్నుంచీ తెలుసు. ఐదేళ్ళు తెలుసు. అయినా అతను తలుపు తడితే ఊళ్ళో ఎవరూ తియ్యరు, హంతకుడి తమ్ముడు గనక. పిప్ తడితే తీస్తారు. అవే ప్రశ్నలు ఆమె అడిగితే హోంవర్కు, అతను అడిగితే బెదిరింపు. పుస్తకం పేరులోనే ఉందిగా, 'మంచి అమ్మాయి' అని. మంచితనం కూడా ఒక ఆస్తే. కొందరికి పుట్టుకతో రాసిచ్చేస్తారు. రచయిత్రికి ఈ సంగతి తెలియదని అనం, తెలిసే రాసింది. కానీ మాకు పిప్ నోటుపుస్తకం కంటే రవి మౌనంగా గడిపిన ఆ ఐదేళ్ళ మీద ఒక నవల కావాలి.

అట్లాగని వెతికే పని మనవాళ్ళ చేతికొస్తే చాలా? అదీ చిక్కే. అమెరికా ఆదివాసీ రచయిత్రి యాంజెలీన్ బౌలీ 2021లో రాసిన 'ఫైర్‌కీపర్స్ డాటర్'లో ఆ చిక్కంతా ఉంది. డానిస్ ఫాంటేన్‌కి పద్దెనిమిదేళ్ళు. తల్లి తెల్లామె, తండ్రి ఒజిబ్వే తెగవాడు. తెగలో మత్తుమందు పిల్లల్ని మింగేస్తోంది. ఎఫ్‌బీఐ వాళ్ళొచ్చి మాకు సాయం చెయ్యమంటారు. సాయం అంటే ఏంటి? తనవాళ్ళ మీద కబుర్లు మోయడం. డానిస్ ఒప్పుకుంటుంది, కానీ వాళ్ళకి చెప్పేదెంత, దాచేదెంత అన్నది పేజీ పేజీకీ తేల్చుకుంటూ నడుస్తుంది. రసాయన శాస్త్రం ఒక చేత్తో, పెద్దలు నేర్పిన మొక్కల విద్య ఇంకో చేత్తో పట్టుకుని వెతుకుతుంది. మా మొహల్లాల్లోకి మంచిమాటలతో వచ్చి ఎవరెవరు ఏ మసీదుకి పోతున్నారని ఆరా తీసేవాళ్ళని చూసిన మాకు డానిస్ ఇరకాటం ఒకరు విడమర్చి చెప్పనక్కర్లేదు. పోలీసుకి సాయం చేస్తే గల్లీ దూరమవుతుంది. చెయ్యకపోతే నువ్వే అనుమానితుడివి. హార్డీ సోదరులకి ఈ తలనొప్పి లేదు, నాన్నే పేరున్న డిటెక్టివ్.

మళ్ళీ సమీరా అహ్మద్ దగ్గరికే వస్తాం, ఎందుకంటే ఆమె 2020లో రాసిన 'మ్యాడ్, బ్యాడ్ అండ్ డేంజరస్ టు నో' అన్న పుస్తకం మీద మాకు ఇంకో రకమైన ఇష్టం. ఖయ్యాం అనే పదిహేడేళ్ళ అమ్మాయి. తండ్రి ఫ్రెంచివాడు, తల్లి భారతీయ మూలాలున్న ముసల్మాన్. వేసవి సెలవులకి పారిస్ వెళ్తుంది. అక్కడ ఎవరూ హత్యకి గురికారు, ఎవర్నీ అరెస్టు చెయ్యరు. ఒక పాత బొమ్మ గురించి, అలెగ్జాండర్ డ్యూమా ఉత్తరాల గురించి వెతుకుతూ వెతుకుతూ లైలా అనే స్త్రీ జాడ పట్టుకుంటుంది. ఇంగ్లీషు కవి బైరన్ 1813లో 'ది గియావుర్' రాశాడు. అందులో హసన్ అంతఃపురం స్త్రీ లైలాని సముద్రంలో పారేస్తారు. ఆమె కోసం ఇద్దరు మగాళ్ళు కొట్టుకుంటారు. 1826లో దెలక్రువా ఆ కొట్లాటని బొమ్మ వేశాడు. లైలా మాత్రం ఒక్క మాటా మాట్లాడదు. ఖయ్యాం ఆమెకి మాట తెచ్చిపెట్టాలని తిరుగుతుంది. ప్రేమ గొడవలు కొంచెం ఎక్కువయ్యాయి, అది వేరే సంగతి. సమీరా కల్పించిన ఈ లైలా మన నానీమాలకి చెల్లెలనిపిస్తుంది.

ఇందులో ఖయ్యాం ముసల్మాన్ అయినందుకు ఏడవదు, నిరూపించుకోదు. ఐస్‌క్రీం తింటూ లైబ్రరీల చుట్టూ తిరుగుతుంది. మాకు 'హాలో ఫైర్స్' కావాలి. అది రాకపోతే జవాద్‌లాంటి పిల్లల పేర్లు ఎవరు కడుగుతారు? కానీ మా పిల్లలు డిటెక్టివ్ అయిన ప్రతిసారీ మా శవాలే వెతుక్కోవాలా? వాళ్ళకి పోయిన గడియారం, తప్పిపోయిన పిల్లి, మూసిన గదిలో వినిపించే చప్పుడు ఎందుకు దక్కకూడదు?

అందుకే తెలుగులో రాసే మావాళ్ళని అడుగుతున్నాం. మదనపల్లెలోనో, నల్లగొండలోనో, గుంటూరు ఆనందపేటలోనో ఒక పదిహేనేళ్ళ పిల్లని పెట్టండి. బక్రీదుకి రెండ్రోజుల ముందు పక్కింటి పొట్టేలు మాయమవ్వాలి. ఆ పిల్ల పాల బూత్ దగ్గరా, టైలరు షాపు దగ్గరా, గుడి ముందు పూలమ్మే ఆమె దగ్గరా ఆరా తియ్యాలి. వాళ్ళంతా కాస్త విసుక్కుంటూనే జవాబు చెప్పాలి. ట్యూషన్ ఎగ్గొట్టి, బుర్ఖా జేబులో సెల్‌ఫోన్ లైటు వెలిగించుకుని, మూతపడ్డ రైసుమిల్లులోకి దూరాలి. పొట్టేలు అక్కడే దొరకాలి, గడ్డి నెమరేస్తూ. ఇంటికొచ్చాక అమ్మీ ఒకే ఒక్క ప్రశ్న అడగాలి, 'ఇంతసేపూ ఎక్కడ చచ్చావే, సేమ్యా ఎవరు వేయించాలి?' అని.